414 కేజీలు ఎక్కడ పోయాయి? బ్లాస్ట్ ఫర్నేస్ మెటీరియల్ బ్యాలెన్స్ చేతితో వేయడం

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో ఒక కుర్రాడున్నాడు, మెటలర్జీ మూడో సంవత్సరం. మొన్న ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని తలుపు కొట్టాడు. "అన్నా, బ్లాస్ట్ ఫర్నేస్ మెటీరియల్ బ్యాలెన్స్ వేశా. లోపలికి వెళ్ళింది 5377 కేజీలు, బయటికి వచ్చింది 4963. 414 కేజీలు ఎక్కడ పోయాయో తెలీట్లేదు, రాత్రి రెండింటిదాకా చూశా" అన్నాడు. కళ్ళు చూస్తే రెండింటిదాకా కాదు, తెల్లారేదాకా చూసినట్టున్నాయి.

షీటు చూడగానే తప్పెక్కడో నాకు అర్థమైంది, కానీ చెప్పలేదు. ఇద్దరం కాగితం మీద మొదటినుంచీ మళ్ళీ వేశాం. ఆ వేసిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ లెక్క తెలుగులో వివరంగా చెప్పినవాళ్ళు తక్కువ. పైగా హైదరాబాద్‌లో కూర్చుని బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి) గురించి నేర్చుకోవడమంటే చెరువు లేని ఊళ్ళో ఈత నేర్చుకోవడమే. జీడిమెట్ల, బాలానగర్ వైపు వెళ్తే కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేసులు కనిపిస్తాయి, కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు తయారు చేసే మిధాని ఉంది, మాసబ్‌ట్యాంక్‌లో ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు ఉంది. అయితే ఆ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం ఎక్కువగా తవ్వేది ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లాలో, అందులో కొంత కరిగేది వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు కూడా ఉన్నాయి. మన పిల్లలు వాటిని చూసేది ట్రైనింగ్‌కి వెళ్ళిన ఆ రెండు మూడు వారాలే.

సరే, లెక్కలోకి వద్దాం. ఇది కిరాణా కొట్టు జమాఖర్చు పద్దు కంటే కష్టమేమీ కాదు. పైనుంచి ఓర్ (ఇనుప ఖనిజం), కోక్ (బొగ్గు నుంచి చేసిన ఇంధనం), సున్నపురాయి వేస్తాం, కింద నుంచి వేడి గాలి (బ్లాస్ట్) ఊదుతాం. లోపలికి వెళ్ళిన ప్రతి కేజీ ఏదో ఒక దారిన బయటికి రావాలి. దారులు మూడే: కింద నుంచి హాట్ మెటల్ (కరిగిన ఇనుము), దాని మీద తేలే స్లాగ్ (కరిగిన మలినాలు), పైనుంచి గ్యాస్. తిరకాసు ఏమిటంటే, మొత్తానికి ఒకే పద్దు రాస్తే కుదరదు. ఇనుముకొకటి, సిలికాన్‌కొకటి, కార్బన్‌కొకటి, ఆక్సిజన్‌కొకటి, ఇలా ఒక్కో మూలకానికి విడివిడిగా ఖాతా తెరవాలి. ఖాతాలు వేసే వరుస కూడా ముఖ్యమే: ముందు ఇనుము, తర్వాత స్లాగ్, తర్వాత కార్బన్, చివరికి ఆక్సిజన్. ఈ వరుస తప్పితే ముందు తెలియాల్సిన అంకె తర్వాత వస్తుంది, మీరు గుండ్రంగా తిరుగుతుంటారు.

లెక్కంతా 1000 కేజీల హాట్ మెటల్‌కి వేస్తాం. ఫర్నేస్ ఎంత పెద్దదైనా ఇదే బేసిస్, చివర్లో రోజు ఉత్పత్తితో గుణిస్తే సరిపోతుంది.

ముందు అనాలిసిస్ రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. మేం తీసుకున్నవి ఇవి. హాట్ మెటల్‌లో ఇనుము 94.5 శాతం, కార్బన్ 4.5, సిలికాన్ 0.7, మాంగనీస్, ఫాస్ఫరస్, సల్ఫర్ కలిపి 0.3. ఓర్‌లో ఫెర్రిక్ ఆక్సైడ్ 91, సిలికా (సిలికాన్ ఆక్సైడ్) 3.5, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 2, వేడికి ఎగిరిపోయేది 3.5. కోక్‌లో కార్బన్ 86, బూడిద 12, ఇతరాలు 2. ఆ బూడిదలో సిలికా 55, అల్యూమినా 28, మిగతావి 17. సున్నపురాయిలో కాల్షియం ఆక్సైడ్ (సున్నం) 51, మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) 2, సిలికా 3, కార్బన్ డయాక్సైడ్ 42.3. ఇవన్నీ అసలు ప్లాంట్ అంకెలకి దగ్గరగా ఉండేలా నేను పెట్టినవే, ఫలానా ప్లాంటువి కావు. టన్ను హాట్ మెటల్‌కి కోక్ 500 కేజీలు అనుకున్నాం. ఈ 500 ఎక్కడినుంచి వచ్చిందని అడగొద్దు. మెటీరియల్ బ్యాలెన్స్ ఒక్కదానితో కోక్ రేటు తేలదు, దానికి హీట్ బ్యాలెన్స్ (వేడి జమాఖర్చు) కూడా కావాలి. అందుకే ప్లాంట్ చెప్పిన అంకె తీసుకుని ముందుకి వెళ్ళడమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రిపోర్టులో శాతాలు పొడి సరుకు మీదా, తడి సరుకు మీదా అన్నది చూడకుండా ఒక్క అంకె కూడా టైప్ చేయకండి. ఇది నేను అనుభవించి చెప్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ప్లాంట్‌లో చార్జ్ (ఫర్నేస్‌లో వేసే సరుకు) లెక్కలు నా చేతికి వచ్చాయి. కోక్ ఆరుబయట యార్డులో ఉండేది. తేమ 4 శాతం అని ముందురోజు రిపోర్టు, దాని ప్రకారం పొడి కోక్ 500 కావాలంటే తడి కోక్ 500ని 0.96తో భాగిస్తే 521 కేజీలు. రాత్రి కుండపోత వర్షం. పొద్దున రిపోర్టు ఇంకా రాలేదు, నేను నిన్నటి అంకెతోనే కానిచ్చాను. తర్వాత చూస్తే తేమ 9 శాతం. అంటే నేను వేసిన 521లో పొడి కోక్ 474 కేజీలే. టన్నుకి 26 కేజీల కోక్, అందులో 22 కేజీల కార్బన్, నీళ్ళ పాలు. సరుకు పైనుంచి కిందికి దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి తప్పు వెంటనే బయటపడదు, నా షిఫ్ట్ అయిపోయాక బయటపడింది. మెటల్ చల్లబడింది, సిలికాన్ పడిపోయింది, స్లాగ్ జావలా చిక్కబడింది. రాత్రి షిఫ్ట్ వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తడిసి మోపెడవడమంటే ఏమిటో ఆరోజు అక్షరాలా తెలిసింది.

కాబట్టి లెక్కంతా పొడి సరుకు మీద వేయండి, తేమ చివర్లో కలపండి. కలిపేటప్పుడు గుణించకండి, భాగించండి. 5 శాతం తేమ ఉన్న కోక్ అయితే 500ని 0.95తో భాగించాలి, 526 వస్తుంది. 500కి 5 శాతం కలిపి 525 అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. తేడా ఒక్క కేజీయే అనిపిస్తుంది కానీ తేమ 10 శాతం దాటితే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ఇనుము ఖాతా. హాట్ మెటల్‌లో 945 కేజీల ఇనుము ఉంది. స్లాగ్‌లోకి కొంచెం జారిపోతుంది, బాగా నడిచే ఫర్నేస్‌లో అది చాలా తక్కువ, టన్నుకి 2 కేజీలు అనుకుందాం. మొత్తం 947 కావాలి. ఓర్‌లో ఫెర్రిక్ ఆక్సైడ్ 91 శాతం, అణుభారాల ప్రకారం అందులో ఇనుము వాటా 160లో 112, అంటే 0.7. కాబట్టి ఓర్‌లో ఇనుము 63.7 శాతం. 947ని 0.637తో భాగిస్తే 1487 కేజీల ఓర్. అంతే. ఇక్కడ పప్పులో కాలేసేవాళ్ళు ఎలా వేస్తారంటే, రిపోర్టులో 'ఇనుము 64' అని ఉంటే దాన్ని ఆక్సైడ్ అనుకుని మళ్ళీ 0.7తో గుణిస్తారు, అప్పుడు ఓర్ రెండు టన్నులు దాటిపోతుంది. మన దేశపు మంచి హెమటైట్ ఓర్‌తో టన్ను మెటల్‌కి రెండు టన్నులు దాటిందంటే లెక్కని అనుమానించండి, ఓర్‌ని కాదు.

కోక్ బూడిదలో కూడా కాస్త ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. నేను వదిలేశాను. పరీక్షలో అడిగితే వేయండి, రెండు మూడు కేజీల విషయం.

ఇప్పుడు అసలు రుచి ఉన్న భాగం, స్లాగ్. పుస్తకాల్లో లోహమలం అంటారు, ప్లాంట్‌లో స్లాగ్ అంటారు, ఊళ్ళలో పాతకాలం వాళ్ళు చిట్టెం అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకి (మూసలో, అంటే మట్టి పాత్రలో కరిగించి చేసే ఉక్కుకి) పేరున్న ఊరు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళేవారు. పాతకాలపు చిన్న కొలిమిలో కరిగించిన ఇనుము తాలూకు చిట్టెం చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంటుంది, ఎందుకంటే అందులో సగం దాకా ఐరన్ ఆక్సైడే ఉంటుంది. సున్నం లేకుండా, తక్కువ వేడిలో సిలికాని కరిగించాలంటే ఇనుమునే బలి ఇవ్వాలి, వేరే దారి లేదు. మనం బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి వేసేది ఆ ఇనుముని కాపాడుకోవడానికే. సిలికాకి ఇనుము బదులు కాల్షియంని జత చేస్తున్నామన్నమాట.

సిలికా ఎంత వచ్చిందో చూద్దాం. ఓర్ నుంచి 1487లో 3.5 శాతం, 52 కేజీలు. కోక్‌లో బూడిద 60 కేజీలు, అందులో 55 శాతం, అంటే 33. మొత్తం 85. ఇందులో కొంత సిలికా సిలికాన్‌గా మారి మెటల్‌లోకి వెళ్ళింది. మెటల్‌లో సిలికాన్ 7 కేజీలు, దాని కోసం ఖర్చయిన సిలికా 7ని 60తో గుణించి 28తో భాగిస్తే 15 కేజీలు. ఈ 15 తీసేయడం మర్చిపోతే సున్నపురాయి 35 కేజీలు అనవసరంగా ఎక్కువ వేస్తారు. మిగిలింది 70.

బేసిసిటీ, అంటే స్లాగ్‌లో కాల్షియం ఆక్సైడ్‌ని సిలికాతో భాగిస్తే వచ్చేది, 1.1 ఉండాలనుకుందాం. తగ్గితే సల్ఫర్ మెటల్‌లోనే ఉండిపోతుంది, మరీ పెరిగితే స్లాగ్ కరగడానికి మొరాయిస్తుంది. అయితే 70ని 1.1తో గుణిస్తే 77, సున్నపురాయిలో 51 శాతం ఉంది కాబట్టి 151 కేజీలు అని రాసేయకండి. సున్నపురాయి తనతో పాటు 3 శాతం సిలికా కూడా మోసుకొస్తుంది, ముందు దాని సంగతి అదే చూసుకోవాలి. అందుకే 51 నుంచి 1.1 రెట్లు 3, అంటే 3.3 తీసేస్తే నికరంగా మనకి పనికొచ్చే సున్నం 47.7 శాతమే. జీతంలో కటింగులు పోగా చేతికొచ్చేదన్నమాట. 77ని 0.477తో భాగిస్తే 161 కేజీలు.

ఇక స్లాగ్ కూడదాం. సిలికా 74.8, కాల్షియం ఆక్సైడ్ 82.1, అల్యూమినా ఓర్ నుంచి 29.7, కోక్ బూడిద నుంచి 16.8 కలిపి 46.5, మెగ్నీషియా 3.2, ఫెర్రస్ ఆక్సైడ్ 2.6, బూడిదలో మిగతావి 10.2. మొత్తం 219.4 కేజీలు. లెక్క కుదిరింది, ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. మా వాడు కూడా "అయిపోయింది కదన్నా" అన్నాడు. నేను అల్యూమినా శాతం తీయమన్నాను. 21.2. మెగ్నీషియా 1.5. ఈ స్లాగ్ ఫర్నేస్‌లోంచి కదలదు. వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసిన తేనె ఎలా కారుతుందో అలా కారుతుంది.

మన దేశపు ఓర్‌లో ఇనుము ఎక్కువే, కానీ సిలికాతో పోలిస్తే అల్యూమినా కూడా ఎక్కువే, దానికి తోడు కోక్ బూడిద. దీనికి మందు మెగ్నీషియా, అది డోలమైట్ అనే రాయితో వస్తుంది. వైజాగ్ ప్లాంట్ సున్నపురాయి గని జగ్గయ్యపేటలో ఉంటే, డోలమైట్ గని మన ఖమ్మం వైపు మాధారంలో ఉంది. ఆ రెండో రాయి ఎందుకు కావాల్సొచ్చిందో ఈ ఒక్క అంకె చూస్తే తెలుస్తుంది.

డోలమైట్‌లో కాల్షియం ఆక్సైడ్ 30, మెగ్నీషియా 20, సిలికా 3, కార్బన్ డయాక్సైడ్ 45.6 శాతం అనుకుని 90 కేజీలు వేద్దాం. దాంతో కాల్షియం ఆక్సైడ్ 27, మెగ్నీషియా 18, సిలికా 2.7 కేజీలు వస్తాయి. ఇప్పుడు సిలికా 72.7, దానికి కావాల్సిన సున్నం 80, అందులో 27 డోలమైట్ ఇచ్చేసింది, మిగిలిన 53ని 0.477తో భాగిస్తే సున్నపురాయి 111 కేజీలు. స్లాగ్ మళ్ళీ కూడితే సిలికా 76, కాల్షియం ఆక్సైడ్ 83.6, అల్యూమినా 46.5, మెగ్నీషియా 20.2, ఫెర్రస్ ఆక్సైడ్ 2.6, మిగతావి 10.2, మొత్తం 239 కేజీలు. అల్యూమినా 19.4 శాతానికి దిగింది, మెగ్నీషియా 8.4కి ఎక్కింది, బేసిసిటీ 1.1 దగ్గరే ఉంది. స్లాగ్ 20 కేజీలు పెరిగింది కానీ ఇప్పుడు అది పారుతుంది.

షీటు ఇక్కడిదాకా వేశాక ఒక ఆట ఆడండి. ఓర్‌లో సిలికా ఒక్క శాతం పెంచి చూడండి. సిలికా 15 కేజీలు పెరుగుతుంది, దానికి సున్నపురాయి 34 కేజీలు, స్లాగ్ కూడా సుమారు 34 కేజీలు పెరుగుతుంది. ఆ స్లాగ్‌ని కరిగించడానికీ, సున్నపురాయిని విడగొట్టడానికీ వేడి కావాలి, ఆ వేడి కోక్ నుంచే రావాలి. కోక్ బూడిద ఒక్క శాతం పెంచినా అంతే, కార్బన్ 5 కేజీలు తగ్గుతుంది, స్లాగ్ 8, 9 కేజీలు పెరుగుతుంది, రెండు వైపులా దెబ్బ. మన సింగరేణి బొగ్గు కోక్‌కి పనికిరాదు, ఝరియా బొగ్గులో బూడిద ఎక్కువ. ప్లాంట్లు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో బొగ్గు ఎందుకు తెప్పించుకుంటాయో ఈ రెండు సెల్స్ మార్చి చూస్తే చాలు.

కార్బన్ ఖాతా చిన్నదే. కోక్ నుంచి 430 కేజీలు వచ్చింది. సున్నపురాయి, డోలమైట్ విడిపోయి 47, 41 కలిపి 88 కేజీల కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి, అందులో కార్బన్ 24. మెటల్‌లో కరిగింది 45. 430కి 24 కలిపి 45 తీసేస్తే 409 కేజీలు పైనుంచి గ్యాస్‌గా పోవాలి. ఆ 24 చిన్నదే కదా అని వదిలేస్తే మాత్రం గ్యాస్ లెక్క తర్వాత మిమ్మల్ని వదలదు.

ఈ 409లో ఎంత కార్బన్ డయాక్సైడ్‌గా, ఎంత మోనాక్సైడ్‌గా పోయిందన్నది టాప్ గ్యాస్ అనలైజర్ చెప్తుంది. 48 శాతం డయాక్సైడ్‌గా అనుకుందాం. 196.3 కేజీల కార్బన్‌కి 720 కేజీల డయాక్సైడ్, అందులో ఆక్సిజన్ 523.5. మిగిలిన 212.7 కేజీల కార్బన్‌కి 496 కేజీల మోనాక్సైడ్, అందులో ఆక్సిజన్ 283.6. గ్యాస్‌లో పోయిన ఆక్సిజన్ మొత్తం 807 కేజీలు.

ఇప్పుడు ప్రశ్న. ఈ 807 కేజీల ఆక్సిజన్ ఎక్కడినుంచి వచ్చింది?

మా వాడి షీటులో ఇదే లైను. ఫ్లక్స్ (సున్నపురాయి, డోలమైట్) డయాక్సైడ్‌లో 64 కేజీలు ఉందని గుర్తుపెట్టుకుని తీసేశాడు, అది మెచ్చుకోవాల్సిందే. మిగిలిన 743 అంతా గాలి నుంచే వచ్చిందని రాసేశాడు. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ 23.3 శాతం, అంటే 3189 కేజీల గాలి. "ఒరేయ్, ఫర్నేస్ పెట్టింది దేనికిరా?" అన్నాను. "ఐరన్ తీయడానికి" అన్నాడు. "ఓర్‌లోంచి ఐరన్ తీస్తే ఇంకేం మిగులుతుంది?" ఓ పది సెకన్లు నా వైపు, తర్వాత స్క్రీన్ వైపు చూసి, తల పట్టుకున్నాడు.

ఓర్ అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసినదే. మనం చేసే పనంతా ఆ ఆక్సిజన్‌ని కార్బన్‌కి అప్పజెప్పడమే. 947 కేజీల ఇనుముతో పాటు ఓర్‌లో వచ్చిన ఆక్సిజన్ 947ని 48తో గుణించి 112తో భాగిస్తే 406, స్లాగ్‌లో ఫెర్రస్ ఆక్సైడ్‌తో ఉండిపోయింది పోగా 405. మెటల్‌లోకి వెళ్ళిన సిలికాన్ వదిలేసిన ఆక్సిజన్ 15 నుంచి 7 తీసేస్తే 8. రెండూ కలిపితే 413. వాడికి రాత్రంతా దొరకని 414లో 413 ఇదే, మిగిలిన ఒక కేజీ రౌండింగ్. లోపలికి వెళ్ళినప్పుడు ఓర్ బరువులో భాగంగా జమ అయింది, బయటికి వెళ్ళేటప్పుడు దాని పేరు మీద ఖర్చు రాయలేదు, ఆ చోటు గాలికి ఇచ్చేశాడు.

అందుకే తేడా వచ్చినప్పుడు కంగారుపడి ప్రతి సెల్‌నీ కెలక్కండి. తేడా ఎంతో ముందు చూడండి, ఆ అంకె ఇంకెక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి. 64 తేడా వస్తే ఫ్లక్స్ ఆక్సిజన్, 15 వస్తే సిలికాన్‌కి పోయిన సిలికా, 52 వస్తే ఓర్‌లోంచి ఎగిరిపోయిన భాగం. దొంగ తన కొలత వదిలేసి పోతాడు.

ఇక సరైన లెక్క. 807 నుంచి 405, 8, 64 తీసేస్తే 330 కేజీల ఆక్సిజన్ గాలి నుంచి రావాలి. 330ని 0.233తో భాగిస్తే 1416 కేజీల గాలి, ఘనపు మీటర్లలో అయితే 1.29తో భాగించి సుమారు 1100 నార్మల్ ఘనపు మీటర్లు. నైట్రోజన్ 1086 కేజీలు, అది ఎవరి జోలికీ పోకుండా ఎలా వచ్చిందో అలా పైనుంచి పోతుంది. బ్లాస్ట్‌లో అదనంగా ఆక్సిజన్ కలిపే ఫర్నేస్ అయితే 23.3 మారుతుంది, చూసుకోండి.

టాప్ గ్యాస్ శాతాలు తీస్తే మోనాక్సైడ్ 24.3, డయాక్సైడ్ 22.4, నైట్రోజన్ 53.2. హైడ్రోజన్‌ని నేను లెక్కలోకి తీసుకోలేదు, అసలు గ్యాస్‌లో కొంచెం ఉంటుంది. మా వాడి పాత లెక్కలో నైట్రోజన్ 72 శాతం వచ్చింది. ఈ గ్యాస్‌నే మళ్ళీ మండించి స్టవ్‌లు (ఊదే గాలిని వేడి చేసేవి) వేడి చేస్తారు, బ్లాస్ట్‌ని వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. 72 శాతం నైట్రోజన్ ఉన్న గ్యాస్‌తో స్టవ్ వేడెక్కడం కల్ల. టోటల్ కలవకపోవడం కాదు, ఈ అంకె చూసే వాడికి అనుమానం రావాల్సింది.

మొత్తం పద్దు: లోపలికి ఓర్ 1487, కోక్ 500, సున్నపురాయి 111, డోలమైట్ 90, గాలి 1416, కలిపి 3604. బయటికి మెటల్ 1000, స్లాగ్ 239, డయాక్సైడ్ 720, మోనాక్సైడ్ 496, నైట్రోజన్ 1086, ఓర్‌లోంచి ఎగిరిపోయింది 52, కోక్‌లో ఇతరాలు 10, కలిపి 3603. ఒక్క కేజీ తేడా. గమనించారా, సగం కంటే ఎక్కువ బరువు పైనుంచి కంటికి కనపడకుండా పోతోంది. రోజుకి 5,000 టన్నులు తీసే ఫర్నేస్ అయితే ఓర్ 7,435 టన్నులు, స్లాగ్ దాదాపు 1,200 టన్నులు. ఆ స్లాగ్‌ని నీళ్ళతో గుళికలు చేసి సిమెంట్ ఫ్యాక్టరీలకి పంపిస్తారు.

తేడా ఒక్క కేజీయే అని మా వాడు చాయ్ గ్లాసు పట్టుకుని తెగ సంబరపడిపోతుంటే, మెటల్‌లో మాంగనీస్, ఫాస్ఫరస్, సల్ఫర్ 3 కేజీలు ఉన్నాయి కదా, అవి ఏ సరుకులోంచి వచ్చాయో చూపించమన్నాను. లేవు. మా రిపోర్టుల్లో ఎక్కడా వాటి పేరే లేదు. మళ్ళీ సున్నపురాయి, డోలమైట్ శాతాలు కూడితే 98.3, 98.6 మాత్రమే, అంటే అక్కడ ఇంకో 3 కేజీలు లోపలికి జమ అయ్యాయి కానీ బయట ఎక్కడా లేవు. ఈ మూడూ ఆ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి మన టోటల్ ముచ్చటగా కలిసింది. ఇదే తంతు 30 కేజీలతో జరిగినా టోటల్ ఇలాగే నవ్వుతూ కలుస్తుంది. అందుకే మొదట్లో ఒక్కో మూలకానికి ఖాతా వేయమన్నది.

నిజం ఫర్నేస్‌లో ఇంకో రెండు మూడు సంగతులుంటాయి. ఎక్కువ భాగం ఓర్ ముక్కలుగా కాక సింటర్‌గా (పొడి ఓర్‌ని కాల్చి గడ్డకట్టించింది), పెల్లెట్లుగా (కాల్చిన ఉండలు) వెళ్తుంది. సున్నపురాయి, డోలమైట్ సింటర్‌లోనే కలిసి వస్తాయి కాబట్టి పైనుంచి విడిగా వేసేది తక్కువ, కార్బన్ డయాక్సైడ్ కూడా సింటర్ ప్లాంట్‌లోనే పోయి ఉంటుంది, దాన్ని ఫర్నేస్ ఖాతాలో రెండోసారి రాయకండి. ట్యూయర్ల (గాలి ఊదే గొట్టాల) దగ్గర బొగ్గు పొడి ఊదుతుంటే దాని కార్బన్ కార్బన్ ఖాతాలోకి, బూడిద స్లాగ్ ఖాతాలోకి వెళ్తాయి. గ్యాస్‌తో పాటు ఎగిరిపోయే దుమ్ములో ఇనుమూ కార్బనూ రెండూ ఉంటాయి, ప్లాంట్ లెక్కైతే దానికీ ఒక వరుస కావాలి. పద్ధతి మాత్రం ఇదే, వరుసలు పెరుగుతాయంతే.

తేమ కలిపి చార్జ్ షీట్ రాసుకోవడం చివరి పని. ఓర్‌లో 4 శాతం తేమ అయితే 1487ని 0.96తో భాగించి 1549, కోక్ 526. తేమ సెల్‌కి నేను ఎప్పుడూ ఎర్ర రంగు వేస్తాను, ఎందుకో పైన చెప్పాను.

మా వాడు షీటు సరిచేసి సేవ్ చేశాడు. మెట్లు దిగుతూ మళ్ళీ వెనక్కి వచ్చి, "అన్నా, మరి ఆ మూడు కేజీలూ ఈ మూడు కేజీలూ ఎక్కడ రాయాలి?" అన్నాడు. లోపలివైపొకటి, బయటివైపొకటి, 'లెక్కకి అందనివి' అని రెండు వరుసలు పెట్టి, వాటిని ఒకదాంట్లోంచి ఒకటి తీసేయొద్దని చెప్పాను.